మెస్సు గంట తర్వాతి చరణం

తార్నాక,
9 జూన్ 2025

అక్కా,

ఫోన్ చేస్తే ఎత్తనని, చెప్పేదేమన్నా ఉంటే ఉత్తరం రాయమని మెసేజ్ పెట్టించినవు. "వాడు నన్ను ఒక్క ముక్క ముగియనియ్యడు. ఉత్తరంల అయితె మధ్యల రాలేడు" అన్నవట. సరే, రాస్తున్న. పోస్టాఫీసులో స్టాంపు కవర్లు అడిగితే కౌంటర్ దగ్గరి అమ్మాయి నన్ను తలనుంచి కాళ్ళదాకా చూసింది. ఇంటికొచ్చి లిడియాకు చెబితే, "మీ అక్క ఇప్పుడు చేసిన పని నేను పెళ్ళయిన ఏడాదే చెయ్యాల్సింది" అన్నది. నా భార్య కూడా నీ పార్టీయే.

నేను అందరి మాటకూ అడ్డం పడతానని మీ ఆరోపణ. ముప్పై ఏళ్ళు తెలుగు పాఠం చెప్పి, ఇరవై ఏళ్ళు పత్రికల్లో పోట్లాడినవాడికి ఎదుటివాళ్ళ వాక్యం ఎక్కడికి పోతుందో సగంలోనే తెలిసిపోతుంది. అందులో నా తప్పేముంది? మొన్న ఫోన్లో నువ్వు నా వ్యాసం గురించి ఏదో అనబోయినవు. మెచ్చుకోవడానికేనని అర్థమై నేను ముందుకు పోయిన. దానికి ఇంత శిక్షా?

ఆ వ్యాసం ఎందుకు రాసిన్నో నీకు పూర్తిగా చెప్పలేదు. మా డిపార్ట్‌మెంట్ పిల్లలు వీడ్కోలు పార్టీలో ఒక ఆట పెట్టిన్రు. పది సెకన్లు పాట వినిపిస్తరు, ఏ పాటో చెప్పాలి. నన్ను లేపి నిలబెట్టిన్రు. పది పాటలకు సున్నా. ప్రతి పాటకూ హాలంతా ఒక్క గొంతుతో లేస్తుంటే నేనొక్కణ్ణే చేతులు కట్టుకుని నిలబడ్డ. ఏడో పాటకు మా అటెండర్ భీమయ్య కూడా తలుపు దగ్గర పెదవులు కదుపుతున్నడు. నాకంటే రెండేళ్ళు పెద్దవాడు. ఎప్పుడు నేర్చుకున్నడు? ఎందుకు నేర్చుకున్నడు?

ఇంటికొచ్చి రాసిన. అర్థంలేని శబ్దాన్ని పాట పేరుతో మన చెవుల్లో పోస్తున్నరని, పది సెకన్లలో అమ్ముడుపోయేదాన్ని సాహిత్యం అనరని రాసిన. రుజువు కావాలి కదా. మన పడవ పాట రెండో చరణం మొత్తం ఇచ్చిన. యాభై ఏళ్ళ కిందటి మామూలు సినిమా పాటలో, గోదారి మీద పడవలో పోయే హీరో నోట ఎట్లాంటి మాట.

నల్లా కాడ నిలబడ్డ బిందెకేమి తెలుసు
నది ఎంత పెద్దదో, ఒడ్డు ఎంత దూరమో
అందరినీ దించి వచ్చే పడవకేమి తెలుసు
దిగిపోతే ఎట్లుంటదో, ఇల్లు ఎట్లుంటదో

శ్రమ చేసేవాడికి శ్రమ ఫలం అందదని ఇంతకంటే బాగా ఏ సిద్ధాంతగ్రంథం చెప్పింది? ఇప్పుడు దొరికే రికార్డుల్లో ఈ చరణం లేదు. దాని బదులు వెన్నెల, కన్నులు అని ఏదో సొల్లు ఉన్నది. అసలు చరణాన్ని కంపెనీవాళ్ళు భయపడి తీసేసిన్రని నేను బయటపెట్టిన. ఆ వ్యాసానికి వచ్చినన్ని ఫోన్లు ఈ మధ్య దేనికీ రాలేదు.

ఇప్పుడు నా దగ్గర ఒక రీసెర్చి విద్యార్థిని ఉన్నది, పేరు నవనీత. బస్తీ పిల్లలు సినిమా పాటల ముక్కలకు సొంతంగా చరణాలు కట్టి ఫోన్లలో పెడుతున్నరట, దాని మీద పీహెచ్‌డీ చేస్తదట. నేను గైడును. నా సంతకం కావాలి. ఇది సాహిత్యం కాదు, పెట్టను అన్న. ఆ పిల్ల ఏం చేసిందనుకున్నవు? ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఆ సినిమా పాటల పుస్తకం వెతికి పట్టుకొచ్చి నా బల్ల మీద పెట్టింది. "ఇందులో కూడా మీ చరణం లేదు సార్."

పాటల పుస్తకం కూడా ఆ కంపెనీవాళ్ళదే అన్న. సినిమా మొత్తం చూసిన అన్నది. కోసేసిన ప్రింటు అన్న. క్లాసులో అందరి ముందు మాట ఇచ్చిన: ఆ చరణం ఆ పాటలో లేదని తేలితే, తప్పు ఒప్పుకుని ఆ నిమిషంలోనే సంతకం పెడతా.

ఆ చరణం విన్న సాక్షివి నువ్వు. నాకు నేర్పిందే నువ్వు. "1977లో రేడియోలో విన్నాను" అని రెండు ముక్కలు రాసి కింద రత్నమ్మ అని సంతకం పెట్టి పంపు.

నీ తమ్ముడు,
సంజీవ్

*

జోగిపేట,
18 జూన్

సంజీవ్ తమ్మీ,

నీ ఉత్తరం పేపర్ల పడ్డట్టే ఉన్నది. మోకాళ్ళ నొప్పులు ఎట్లున్నయక్కా అని ఒక్క ముక్క లేదు. ఎట్లనో ఉన్నయి. బావ పోయి మొన్నటికి ఏడాది నిండింది. హాస్టల్ల ఇంకా వంట చేస్తనే ఉన్న, రిటైరైనా ఆడపిల్లలు పోనిస్తలేరు. నూట ఇరవై మంది.

పదికి సున్నా వచ్చిందంటివి. నేనుంటె ఎనిమిదన్న చెప్తుంటి. నవ్వకు. ఆదివారం పిల్లలు కూరగాయలు కోసుకుంట వార్డెన్ మేడం స్పీకర్ల పాటలు పెడ్తరు. ఒకదాంట్ల డప్పు ఎంత మంచిగుంటదో, గరిటె ఆగుతది నాది.

నువ్వు మస్తు యాది చేస్తున్నవు గానీ మనం ఎన్నడు ముందున్నం రా? మనింట్ల రేడియో ఉండెనా? నాయిన క్యాంపస్ల మాలి, అమ్మ హాస్టల్ల ఊడ్చేది. మాణికేశ్వర్ నగర్ గుడిసెల కెల్లి ఆ గోడ కాడికి పోయి, హాస్టల్ల ఉండి చదువుకునే శశిభూషణ్ సార్ కిటికీ కింద కూసుంటుంటిమి. ఆయన రేడియో పెడితె మనకు పాట. సినిమా వచ్చి పోయిన రెండేండ్లకు దాని పాట మనకు కొత్తది. ఎవరన్న పాట పేరు అడిగితె మనకు గూడ సున్నానే వస్తుండె.

ఆయన మెస్సు గంట కొట్టంగనే రేడియో బందు చేసి ఉరుకుతుండె, అన్నం అయిపోతదని. యాది ఉన్నదా?

ఫోన్ల నేను చెప్పబోయిన ముచ్చట పోనియ్యి ఇప్పుడు.

ఆ పిల్ల ఎవరు? ఏడి పిల్ల? సంతకం పెట్టకుంటె ఏమైతది ఆమెకు? అది రాయి ముందుగాల.

మీ అక్క,
రత్నమ్మ

*

తార్నాక,
26 జూన్

అక్కా,

మోకాళ్ళ సంగతి అడగనందుకు క్షమించు. లిడియా ఒక నూనె పంపుతున్నది.

కానీ నువ్వు సాక్ష్యం అడిగితే చరిత్ర పంపినవు. శశిభూషణ్ సార్, గోడ, గంట అన్నీ యాది ఉన్నయి. వాటి మీద నేను రెండు వ్యాసాలు రాసిన. నేను అడిగింది రెండు ముక్కలు. ఎనిమిది పాటలు చెప్తావంటే సంతోషం, కానీ గుర్తుపట్టడం వేరు, విలువ కట్టడం వేరు. సబ్బు పేరు కూడా అందరికీ నోటికి వస్తుంది.

ఆ పిల్లది మన మాణికేశ్వర్ నగరే. మనం ఉన్న గల్లీకి రెండు గల్లీల అవతల. తల్లి అడిక్‌మెట్‌లో లేడీస్ హాస్టల్లో వంట చేస్తది, నీ లెక్కనే. జూలై 31 లోపల టాపిక్ మీద సంతకం పడకపోతే ఆ పిల్ల ఫెలోషిప్ పోతుంది. నెల నెలా ఆ డబ్బుతోటే చదువు. "వేరే టాపిక్ తీసుకో, ఇప్పుడే సంతకం పెడతా" అని నేను మూడుసార్లు చెప్పిన. మొండిది. "ఇది కాకుంటే చదువే వద్దు సార్, మా అమ్మ పక్కన కూరగాయలు కోస్తా" అంటది. ఆ మొండితనం నేను దుర్మార్గుణ్ణి అనిపించేటట్టు చేస్తది.

పైగా వెటకారం. నిన్న అందరి ముందు అడిగింది. "సార్, గోదారి నడిమధ్యల పడవ మీద పోయే హీరోకు నల్లా ఎట్ల యాదికొచ్చింది? బిందె పట్టుకుని లైన్ల నిలబడ్డడా ఆయన?" క్లాసు అరగంట నవ్వింది. అదే కవి గొప్పతనం, నది ఎదురుగా ఉన్నా నల్లా దగ్గర నిలబడ్డవాళ్ళను మర్చిపోలేదు, అందుకే కోసేసిన్రు అని నేను గట్టిగా జవాబిచ్చిన. ఆ పిల్ల నోట్‌బుక్కులో రాసుకున్నది. ఏం రాసుకున్నదో తెలియదు.

నువ్వు రాయి. రెండు ముక్కలు. ఆలస్యం చెయ్యకు.

సంజీవ్

*

జోగిపేట,
5 జూలై

తమ్మీ,

నూనె అందింది. లిడియాకు చెప్పు, మంచిగున్నది.

రెండు ముక్కలు రాయను. రేడియోల విన్న అని నా చేతితోటి కాయితం మీద పెట్టను.

నువ్వు పెద్ద ప్రొఫెసరువు, నిన్నొకటి అడుగుత. మెస్సు గంట ఒకటింబావుకు. పడవ పాట ఎప్పుడొచ్చినా గంటకు జర ముందుగాల్నే వస్తుండె. మొదటి చరణం అయ్యేసరికి గంట. గంట కొడితె రేడియో బందు. మరి రెండో చరణం ఎన్నడు విన్నం మనం? ఎవరి కిటికీల?

ఆలోచించు. నాకు జవాబు తొందర లేదు. గానీ ఆ పిల్లకు ఉన్నది.

రత్నమ్మ

*

తార్నాక,
14 జూలై

అక్కా,

నువ్వు కూడా నన్ను క్రాస్ ఎగ్జామిన్ చేస్తున్నవా?

జవాబు నాకు బ్రహ్మాండంగా యాది ఉన్నది. నాకు తట్టు పోసినప్పుడు. ఏడేళ్ళు నాకు, నీకు పదమూడు. గోడ దాకా నేను రాలేను, నిన్ను పంపేవాణ్ణి. రాగానే "పాట తెచ్చినవా" అని అడిగేవాణ్ణి. ఒకరోజు సగం పాట తెచ్చినవు. మిగతాది కావాలని నేను ఏడ్చిన. తెల్లారి మొత్తం తెచ్చినవు. మీ పంతులమ్మ ఇంట్లో రేడియోలో విన్నానని చెప్పినవు. అదే మొదలు. ఆ చరణం పాడే స్కూల్లో జామెట్రీ బాక్సు ప్రైజు కొట్టిన. దాన్ని ఎవరన్నా లేదంటే ఊరుకోమంటవా?

సూటిగా ఒకటి చెప్తున్న. నువ్వు ఆ పిల్ల పక్షం వహిస్తున్నవు. ఆమె తల్లి వంట చేస్తదని రాసిన కాడినుంచి నీ స్వరం మారింది. జాలి వేరు, నిజం వేరు. జాలి కోసం నిజాన్ని వదులుకునేవాణ్ణి కాదు నేను.

నిన్న మళ్ళీ వచ్చింది నవనీత. చేతిలో ఫోను. "ఒక్క పాట వినండి సార్, రెండున్నర నిమిషాలు" అన్నది. ముప్పై సెకన్లు విని ఆపమన్న. "బస్తీల నలుగురు కూసొని కట్టుకున్నదల్లా పాట అయితదా?" అన్న. ఆ పిల్ల ఫోను బ్యాగులో పెట్టుకుని, గొంతు కొంచెం కూడా పెంచకుండా, "మీది ఏ బస్తీ సార్?" అని అడిగి పోయింది.

ఆ మాట నీకెందుకు రాస్తున్నానో నాకు తెలియదు.

పదిహేడు రోజులున్నది గడువు.

సంజీవ్

*

జోగిపేట,
20 జూలై

తమ్మీ,

ఈ ఉత్తరం చివరిదాక చదివినంకనే లేవు. మధ్యల పెన్ను పట్టకు.

ఆ చరణం రేడియోల రాలేదు. పంతులమ్మ ఇంట్ల రేడియోనే లేకుండె. నేను కట్టిన.

ఆ దినం గోడ కాడ కూసున్న. పడవ పాట వచ్చింది. మొదటి చరణం అయ్యింది, గంట కొట్టింది, శశిభూషణ్ సార్ బందు చేసి ఉరికిండు. ఇంటికొస్తె నువ్వు ఒళ్ళంత ఎర్రగ అయ్యి, కండ్లు తెరవలేక, పాట తెచ్చినవా అంటివి. సగం పాడిన. మిగతాది ఏది అని ఒకటే ఏడుపు. నీకు జరం నూట మూడు. అమ్మ పనికి పోయింది. ఏం చెయ్యాలె?

పొద్దుగాల నల్లా కాడికి పోయిన. నా బిందె పదహారోది. ఆ లైన్ల నిలబడి ఆ రాగం తీసుకుంట ఉన్న. గోదారి నేనేడ చూసిన? పడవ ఏడ చూసిన? నాకు తెలిసిన నీళ్ళు నల్లా నీళ్ళే. నా ముందట బిందెను చూస్తె మాట వచ్చింది. రెండోది వచ్చింది. మూడో లైను నా బిందె నిండుతుంటె వచ్చింది. నాలుగోది తొవ్వ పొంటి, నెత్తిమీద బిందె పెట్టుకొని. ఇంటికొచ్చి పాడిన. నువ్వు ఏడుపు ఆపినవు. "ఎక్కడిదక్కా" అంటివి. నేను కట్టిన అంటె నమ్ముతవా? ఇది అసలు పాట కాదు అని మళ్ళ ఏడుస్తవని పంతులమ్మ ఇంటి మాట చెప్పిన.

నువ్వు జామెట్రీ బాక్సు తెచ్చినప్పుడు చెప్దామనుకున్న. చెప్తె ప్రైజు వాపసు తీసుకుంటరని భయం. తర్వాత నువ్వు సభలల్ల పాడినవు, చప్పట్లు కొట్టిన్రు. ఎట్ల చెప్పాలె? ఇగ మొన్న పేపర్ల వచ్చింది. ఇది ఆగాలె అని ఫోన్ చేసిన. "సంజీవ్, ఆ చరణం" అని నాలుగుసార్లు మొదలువెట్టిన. నాలుగుసార్లు కోసినవు. కంపెనీ, కుట్ర, ఇంకేందో. అందుకే ఉత్తరం అన్న.

ఇంకొకటి. ఇది నీకు చెప్పొద్దనే అనుకున్న గానీ మొదలువెట్టిన కాబట్టి చెప్తున్న. నీ తట్టు తగ్గేసరికి నా ఏడో తరగతి పరీక్షలు అయిపోయినయి. మళ్ళ పోలేదు. ఎవరి తప్పు కాదు, నీది అసలే కాదు. ఇంట్ల ఎవరో ఒకరు ఉండాలె.

మా హాస్టల్ పిల్లలకు గూడ పాట సగమే దొరుకుతది. ఫోన్ల ముప్పై సెకన్లు వచ్చి పోతది. మెస్సు గంట కొట్టినట్టే. మిగతాది వాళ్ళే కట్టుకుంటరు. కూర బాగలేకుంటె నా మీద గూడ కట్టిన్రు ఒకటి, మంచిగనే ఉన్నది. నీ నవనీత చెప్పేది గదే గదా? నువ్వు యాభై ఏండ్లు నెత్తిన పెట్టుకొని మోసింది గసుంటి చరణమే.

నా చదువు ఏడోదాంతోటి ఆగింది. ఆ పిల్లది నా అబద్ధంతోటి ఆగొద్దు. సంతకం పెట్టు.

రత్నమ్మ

*

తార్నాక,
2 ఆగస్టు

అక్కా,

ముప్పయ్యో తారీఖు క్లాసులో లేచి నిలబడి చెప్పిన. ఆ చరణం సినిమాలోది కాదు, మా అక్క కట్టింది, నేను పొరబడ్డ. నవనీత నవ్వుతదనుకున్న. నవ్వలేదు. "నల్లా మాట అప్పుడే అర్థమైంది సార్, లైన్ల నిలబడ్డవాళ్ళే కట్టిన్రని. ఎవరో తెల్వలే" అన్నది. సంతకం పెట్టిన. గడువుకు ఒక రోజు ముందు కాయితం లోపలికి పోయింది.

నీ ఉత్తరం ఎన్నిసార్లు చదివిన్నో లెక్క లేదు. నాలో ఎంత కోపం లేచిందో నీకు తెలియదు. నీ మీద కాదు, నా మీద, ఆ గోడ మీద, ఆ గంట మీద, ఈ దేశం మీద. ఊరుకుంటే నేను మనిషినే కాదు. కూర్చుని ఒకే ఊపులో వ్యాసం రాసిన, కాపీ జత చేస్తున్న. పేరు "పితృస్వామ్యం మింగిన కవయిత్రి". పదమూడేళ్ళ దళిత బాలిక గొంతును కుటుంబం, కులం, పేదరికం కలిసి ఎట్లా నొక్కినయో, తమ్ముడి జ్వరం కోసం ఆమె చదువు ఎట్లా బలి అయిందో, ఆమె కన్నీళ్ళు ఎట్లా చరణంగా మారినయో మొత్తం పెట్టిన. ఆదివారం సంచికకు పంపుతున్న. పాత వ్యాసాన్ని ఇది పూర్తిగా కడిగేస్తుంది. చూసి ఎట్లున్నదో చెప్పు.

నీ తమ్ముడు

*

జోగిపేట,
9 ఆగస్టు

సంజీవ్,

వ్యాసం పంపకు. పంపి ఉంటె వాపసు తీసుకో.

నా గొంతు ఎవరెవరు నొక్కిన్రో నువ్వు మూడు పేజీలు రాసినవు. గవన్నీ అబద్ధమని అంటలేను. గానీ ఫోన్ల నా మాట నాలుగుసార్లు కోసింది మాత్రం నువ్వే. ఇప్పుడు ఉత్తరంల గూడ కోసినవు. నేను అసలు ముచ్చట కాడికి రాకముందే నువ్వు చివరికి ఉరికినవు.

కన్నీళ్ళు అని రాసినవు. నేను ఏడ్వలే. ఏడ్చింది నువ్వు. తొవ్వ పొంటి నడుసుకుంట నాలుగో లైను దొరికినప్పుడు నాకు ఎంత సంబురమైందో ఎరుకనా? నెత్తిమీద బిందె ఉన్నదని మర్చి ఎగిరిన. సగం నీళ్ళు ఒలికినయి, అమ్మ తిట్టింది. తడిసిన బట్టలతోటి నీకు పాడిన. నా జిందగీల గసుంటి దినాలు పది ఉన్నయో లేవో. అది ఏడున్నది నీ వ్యాసంల? మూడు పేజీలు వెతికిన. లేదు.

నన్ను పేపర్ల ఏడ్పియ్యకు. నాకు మస్తు పని ఉన్నది.

రత్నమ్మ

*

తార్నాక,
20 ఆగస్టు

అక్కా,

వ్యాసం పంపలేదు. చించేసిన.

పత్రికకు నాలుగు లైన్లు మాత్రమే రాసి పెట్టిన. ఫలానా చరణం సినిమాలోది కాదు, మా ఇంట్లో కట్టుకున్నది, కంపెనీ మీద నేను వేసిన నింద తప్పు అని. నీ పేరు వెయ్యలేదు. వెయ్యాలా వద్దా నువ్వే చెప్పాలె. చెప్పేదాక ఆగుత.

నిన్న నవనీతను అడిగి, ఆ రోజు ముప్పై సెకన్లకే ఆపించిన పాట మళ్ళ పెట్టమన్న. నా గదిలో వద్దు, గోడ కాడికి పోదాం అన్నది. పోయినం. గోడ ఎత్తు పెంచిన్రు. ఆ కిటికీ ఉన్నచోట ఏసీ డబ్బా ఉన్నది. రాయి మీద కూసొని ఫోను పెట్టింది.

మొదటిసారి నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. ఇది లయ కాదు, ఇది భాష కాదు అని నోటిదాక వచ్చింది. మింగిన. మళ్ళ పెట్టమన్న. రెండోసారి రెండు మాటలు దొరికినయి. మూడోసారికి తెలిసింది, వాటర్ ట్యాంకర్ మీద పాట. ట్యాంకర్ వచ్చే దినం ఎవరింట్ల పిల్లలు బడికి పోరో వరుసగా పేర్లతో కట్టిన్రు. నల్లా పోయి ట్యాంకర్ వచ్చింది, అంతే. కట్టింది నలుగురు ఆడపిల్లలు. చిన్నదానికి పదమూడేళ్ళట.

పాట అయినంక నవనీత నా మొహం చూసుకుంట కూసున్నది, నేను ఏమంటనో అని. ఏమన్లే. చాలాసేపు ఏమన్లే. "మీకు పానం బాగున్నదా సార్" అన్నది.

నువ్వు ఎగిరింది, నీళ్ళు ఒలికింది నాకు తెలియదు. తడిసిన బట్టలు మాత్రం యాదికొచ్చినయి. నా చెయ్యి మీద చుక్కలు పడ్డయి, చల్లగా. పాట చల్లగున్నదని అనుకున్న అప్పుడు.

ఇంకేమన్న ఉన్నదా అక్కా, నువ్వు చెప్పాల్సింది? ఈ కవర్ల సగం కాయితం ఖాళీగా వదిలేస్తున్న.

సంజీవ్

*

జోగిపేట,
28 ఆగస్టు

తమ్మీ,

సగం కాయితం ఖాళీగ చూసి ముందుగాల బుగులైంది. వీనికి ఏమైంది, దవాఖాన్ల పడ్డడా అని. వార్డెన్ మేడంతోటి లిడియాకు ఫోన్ చేపిచ్చిన. "లేదని చెప్పుండ్రి వదినకు, మంచిగనే ఉన్నడు, వారం నుంచి ఇంట్ల నేను చెప్పేది గూడ వింటున్నడు, నాకే భయమైతున్నది" అన్నదట.

పేరు వెయ్యి. రత్నమ్మ అని చాలు. ముందట, వెనక ఏం తగిలియ్యకు. జోగిపేట అని పెట్టు, మా పిల్లలు పేపర్ల చూసి సంబురపడ్తరు. ఆ ట్యాంకర్ పాట నవనీతను పంపమన్న, పంపింది. ఆదివారం ఉల్లిగడ్డలు కోసుకుంట మా నూట ఇరవై మంది పాడిన్రు. రెండు చోట్ల మాట మార్చుకున్నరు. ఆ పిల్లకు చెప్పు, రాసుకుంటదేమో.

ఇంకేమన్న ఉన్నదా అని అడిగినవు. ఇన్నేండ్లకు అడిగినవు.

ఉన్నది. మూడో చరణం. నువ్వు జామెట్రీ బాక్సు పట్టుకొని బడికి పోయినంక, నేను ఇంట్ల ఒక్కదాన్నే ఉన్నప్పుడు కట్టిన. ఎవ్వరికి పాడలే. బావకు గూడ. కాయితం మీద రాద్దామని రెండుసార్లు చూసిన. మాటలు వస్తున్నయి, రాగం వస్తలేదు. రాగం లేకుంటె అది సగమే.

ఆదివారం ఫోన్ చెయ్యి. ఒకటింబావుకు, పిల్లలు తింటుంటరు, నాకు తీరిక. ఎత్తుత. పాడుత. నువ్వు ఊ అని గూడ అనకు. అయిపోయినంక పళ్ళెం మీద గరిటెతోటి నేనే గంట కొడత.

గంట కొట్టినంకనే నోరు తెరువు.

మీ అక్క,
రత్నమ్మ